బ్యూటీషియన్ కోర్సు: దారం పట్టడం నుంచి సొంత కుర్చీ దాకా

ఐబ్రోస్‌కి వచ్చే అమ్మాయిల్లో నెలకి ఒకరిద్దరైనా అడుగుతారు: “అక్కా, నేనూ ఈ కోర్సు చేద్దామనుకుంటున్నా, ఎక్కడ చేరమంటారు?” కుర్చీలో వెనక్కి వాలి, రెండు వేళ్లతో కనురెప్పని తామే లాగిపట్టుకుని అడుగుతారు. ఒకప్పుడు దారం కొస నా పళ్ల మధ్య ఉండేది కాబట్టి “ఊఁ” అనడం తప్ప జవాబు చెప్పలేకపోయేదాన్ని. ఇప్పుడు దారం మెడకి తగిలించుకుంటున్నాను, నోరు ఖాళీగా ఉంది. అందుకే జవాబు తీరిగ్గా చెప్తున్నాను.

ముందు పేరు సంగతి తేల్చుకుందాం. మన దగ్గర “కాస్మెటాలజీ” అనే మాటని రెండు రకాల వాళ్లు వాడుతున్నారు. చర్మ డాక్టర్లు నడిపే కాస్మెటిక్ క్లినిక్‌లు ఒకటి, జుట్టు, చర్మం, గోళ్లు, మేకప్ నేర్పే బ్యూటీ స్కూళ్లు రెండోది. మనం మాట్లాడుకునేది రెండో దాని గురించి. బొటాక్స్, ఫిల్లర్లు, జుట్టు మార్పిడి డాక్టర్ల పని. ఆరు నెలల కోర్సులో ఇంజెక్షన్లు కూడా నేర్పిస్తామని ఎవరైనా చెబితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

చేరకముందు ఒక వారం

ఫీజు కట్టేముందు తెలిసిన పార్లర్‌లో ఒక వారం ఉండండి. జీతం అడగొద్దు. “ఊడుస్తాను, టవల్స్ మడతపెడతాను, పక్కన నిలబడి చూడనివ్వండి” అంటే చాలామంది ఒప్పుకుంటారు. ఆ వారంలో ఒక ఆదివారం తప్పకుండా ఉండాలి. మంగళవారం వెళ్తే మాత్రం ఈగలు తోలుతూ కూర్చుంటారు, ఆ రోజు మనవాళ్లు కత్తెర తగలనివ్వరు కదా.

అక్కడ చూసుకోవాల్సింది మీ ఒళ్లు, మీ మనసు ఏమంటున్నాయన్నది. ఎనిమిది తొమ్మిది గంటలు నిలబడితే మీ నడుం ఏమంటోంది? హెయిర్ కలర్‌లో అమోనియా వాసనకి తుమ్ములు ఆగకుండా వస్తున్నాయా? ముక్కూ మొహం తెలియని మనిషి పాదాన్ని ఒళ్లో పెట్టుకుని మడమ రుద్దడానికి చెయ్యి వెనక్కి పోతోందా? వారం గడిచినా వెనక్కే పోతుంటే మేకప్ ఒక్కటే నేర్చుకోవడం మేలు. అది కూడా మర్యాదైన దారే.

ఇంట్లో “మన పిల్ల ఈ పని చేయడమేంటి” అనే మాట రావచ్చు. నాయీ బ్రాహ్మణ కుటుంబాలు తరతరాలుగా చేతిలో పెట్టుకుని బతికించిన విద్య ఇది. క్షవరంతో పాటు నాదస్వరం, నాటువైద్యం కూడా వాళ్ల ఇళ్లలో ఉండేవి. దానికి ఏసీ గది, ఇంగ్లీషు పేరు తగిలాక మనం వేలూ లక్షలూ పోసి నేర్చుకుంటున్నాం. చిన్నచూపు చూసే హక్కు ఎవరికీ లేదు.

ఎక్కడ నేర్చుకోవచ్చు

ఖర్చు తక్కువ దారుల నుంచి మొదలుపెడతాను. పదో తరగతి పాసైతే ఐటీఐలో కాస్మెటాలజీ ట్రేడ్ ఉంది, ఏడాది కోర్సు. ఈ మధ్యదాకా దాన్ని బేసిక్ కాస్మెటాలజీ అనేవారు. పూర్తయ్యాక నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్ వస్తుంది. అన్ని ఐటీఐల్లో ఈ ట్రేడ్ ఉండదు కాబట్టి, అడ్మిషన్ల నోటిఫికేషన్ రాగానే మీ జిల్లా జాబితాలో వెతుక్కోండి. చదువు మధ్యలో ఆగినవాళ్లకి జన్ శిక్షణ్ సంస్థాన్‌లు అనే వృత్తి శిక్షణ కేంద్రాలు ఉన్నాయి. పల్లెల వాళ్లకి బ్యాంకులు నడిపే ఆర్‌సెటీల్లో (గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో) పార్లర్ నడపడంపై సుమారు నెల రోజుల ఉచిత శిక్షణ దొరుకుతుంది, భోజనం, వసతి కూడా వాళ్లే చూస్తారు. హైదరాబాద్‌లో ప్రభుత్వ శిక్షణ సంస్థ సెట్విన్ కేంద్రాలు ఎప్పటినుంచో తక్కువ ఫీజుకి నేర్పుతున్నాయి. నెల రోజుల శిక్షణతో పార్లర్ పెట్టేయగలమని అనుకోవద్దు. ఆర్‌సెటీ బలమంతా బ్యాంకు లోన్ దారి చూపించడంలో ఉంది.

ప్రైవేటులో లాక్మే అకాడమీ, వీఎల్‌సీసీ, నేచురల్స్ లాంటి బ్రాండ్లవి ఉన్నాయి, వీధి చివర పార్లర్ ఆంటీ నేర్పే క్లాసులూ ఉన్నాయి. బ్రాండు పేరు చూసి మురిసిపోకండి. ఒకే బ్రాండు కింద ఒక ఊళ్లో మంచి టీచర్ ఉంటారు, పక్క ఊళ్లో ఉండరు. ఎక్కడ చేరినా, చేతికొచ్చే సర్టిఫికెట్ బ్యూటీ అండ్ వెల్‌నెస్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్‌ది లాంటి గుర్తింపు ఉన్నదా, లేక వాళ్ల సొంత ప్రింటా అన్నది అడగండి. విదేశాల మీద ఆశ ఉన్నవాళ్లు అంతర్జాతీయ బ్యూటీ సర్టిఫికెట్లు ఇచ్చే సిడెస్కో, సిబ్‌టాక్ పేర్లు వింటుంటారు. సిడెస్కో 1946లో మొదలైన సంస్థ, ఇప్పుడు కార్యాలయం జూరిక్‌లో ఉంది. దాని బ్యూటీ థెరపీ డిప్లొమాకి 1,200 గంటల శిక్షణ కావాలి. ఖర్చు బాగా ఎక్కువ. ఊళ్లోనే పార్లర్ పెట్టుకునే ఆలోచనైతే ఆ డబ్బు కుర్చీలకి, షాంపూ స్టేషన్‌కి పనికొస్తుంది.

ఫీజు కట్టేముందు అడగాల్సినవి

ఇది నా సొంత దెబ్బ. నేను మొదట చేరిన ఇన్‌స్టిట్యూట్ పేరు ఎందుకులెండి, గోడలనిండా అద్దాలు, రిసెప్షన్‌లో పూలు. మూడు నెలల డిప్లొమా. ఆ మూడు నెలల్లో నేను ముట్టుకున్నది ఒక డమ్మీ తలని, నా పక్క బెంచీ అమ్మాయిని. అంతే. సర్టిఫికెట్ ఫ్రేమ్ కట్టించుకున్న వారానికే మా పిన్నిగారి అమ్మాయికి ఐబ్రోస్ చేశాను. కుడివైపు కాస్త ఎక్కువ పోయింది, దానికి సరిపోవాలని ఎడమవైపు తీశాను, మళ్లీ కుడివైపు. చివరికి మిగిలింది పెన్సిల్ గీతంత. పాపం, నెల తర్వాత దాని నిశ్చితార్థం. ఫొటోల్లో ఇప్పటికీ ఆ కనుబొమలే కనిపిస్తాయి నాకు.

అందుకే ముందు అడగాల్సింది ఒక్కటే: కోర్సు మొత్తంలో ఎంతమంది బయటి మనుషుల మీద నా చెయ్యి పడుతుంది? సూటిగా అంకె చెప్పనివ్వండి. కొన్ని స్కూళ్లు తక్కువ ధరకి స్టూడెంట్ సెలూన్ నడుపుతాయి, అలాంటిచోట చేరినవాళ్ల చెయ్యి త్వరగా తిరుగుతుంది. “మోడల్స్‌ని మీరే తెచ్చుకోవాలి” అంటే అక్కాచెల్లెళ్లు, పక్కింటివాళ్లు ఎంతమంది వస్తారో లెక్క చూసుకోండి.

తర్వాత కిట్. ఫీజులో ఏ సామాను ఉంది, ఏది మనమే కొనాలి? బ్యాచ్‌లో ఎంతమంది? టీచర్ మానేస్తే ఎవరు నేర్పుతారు? మధ్యలో ఆపేస్తే డబ్బు వెనక్కి వస్తుందా? జవాబులు కాగితం మీద ఉండాలి. “వంద శాతం ప్లేస్‌మెంట్” అన్నవాళ్లని, కిందటేడు చేరినవాళ్లలో ఇద్దరి నంబర్లు అడగండి. ఇవ్వడానికి తడబడితే మీకే అర్థమవుతుంది.

దారం, వ్యాక్స్, కత్తెర

మొదట పట్టుబడాల్సింది త్రెడ్డింగ్. రెండు మూరల దారం తీసుకుని, ఒక కొస మెడకి తగిలించి, రెండో కొస ఎడమచేతికి, మధ్యలో కుడిచేతి వేళ్లతో ఏడెనిమిది మెలికలు. వేళ్లు తెరిస్తే మెలిక ముడి అటు జరుగుతుంది, మూస్తే ఇటు. ఆ ముడి వెంట్రుకని కుదురుతో లాగాలి. లాగకుండా తెంపితే మూడోరోజుకే గరుకుగా వచ్చేస్తుంది. మొదటి పదిహేను రోజులు మీ మోకాలి కింద వెంట్రుకలే మీ బోర్డు. చర్మం తెగకుండా, వరసగా ఒక గీతలో పోతున్నాయనిపించాకే మనిషి మొహం దగ్గరికి వెళ్లండి. పైనుంచి తీయడం మొదలుపెట్టకుండా కిందినుంచి షేప్ తేవాలి, ప్రతి నాలుగైదు లాగుళ్లకి ఒకసారి అద్దంలో రెండువైపులా పోల్చాలి. పిన్నిగారి అమ్మాయి దగ్గర నేను చెయ్యనిది ఇదే. అనుమానం వస్తే ఆపేయండి. తీసిన వెంట్రుకని మళ్లీ అతికించలేం.

దారం నోట్లో పెట్టుకోవడం ఇప్పటికీ చాలా పార్లర్లలో అలవాటు. ఎవరి ఉమ్మో ఎవరి కంటి పక్కన తగలడం మంచిది కాదు. మనిషికో కొత్త దారం ముక్క తీసుకోవాలి. త్రెడ్డింగ్ వల్ల పులిపిర్లు ఒకరి నుంచి ఒకరికి పాకిన సందర్భాలున్నాయి.

వ్యాక్స్‌కి సూత్రం చిన్నదే: వెంట్రుక పెరిగే వైపు పూయాలి, ఎదురువైపు లాగాలి, స్ట్రిప్ పైకి ఎత్తకుండా చర్మానికి ఆనించినట్టే లాగాలి, రెండో చేత్తో చర్మం బిగబట్టాలి. వేడి ఎంతుందో ముందు మీ ముంజేతి లోపలివైపు చూసుకోండి. మొటిమలకి ఐసోట్రెటినోయిన్ మాత్రలు వాడుతున్నవాళ్లకి, మొహానికి రెటినాల్ క్రీములు పూస్తున్నవాళ్లకి వ్యాక్స్ చేస్తే తోలు ఊడిరావచ్చు. మాత్రలు మానేసినా ఆరునెలలు ఆగాలి. కస్టమర్ తనంతట తను చెప్పదు, మనమే అడగాలి.

ఫేషియల్ మసాజ్ గురించి ఎక్కువ చెప్పను, చూసి నేర్చుకునేది. కత్తెర పని మాత్రం డమ్మీ మీద నూరుసార్లు చేసినా తక్కువే. యు కట్, స్టెప్ కట్, లేయర్స్ ఈ మూడూ చేతికొస్తే మన ఊళ్లలో ముప్పావు పని జరిగిపోతుంది.

టీచర్ చెబుతున్నప్పుడు నిద్రపోకూడని పాఠాలు

చాలామంది థియరీ క్లాసులో ఫోన్ చూస్తుంటారు. జుట్టు రంగు దగ్గరే దెబ్బతింటారు. రంగులో కలిపే డెవలపర్ డబ్బా మీద 10, 20, 30, 40 వాల్యూమ్ అని ఉంటుంది, లోపల హైడ్రోజన్ పెరాక్సైడ్ వరసగా 3, 6, 9, 12 శాతం. తెల్లజుట్టు కప్పడానికి మామూలుగా 20 చాలు. 40 తలమీద మాడుకి తగిలితే కాలుతుంది. రంగులో ఉండే పీపీడీ అనే రసాయనం కొందరికి పడదు, మొహం వాచిపోతుంది. చెవి వెనకో, మోచేతి మడతలోనో చుక్క పెట్టి 48 గంటలు చూడటమే ప్యాచ్ టెస్ట్. “ఎప్పుడూ వేయించుకునేదేగా, ఏం కాదులే” అంటారు. అలర్జీ పదోసారి కూడా రావచ్చు.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది, హెన్నా. స్వచ్ఛమైన గోరింటాకు పొడితో సమస్య లేదు. “బ్లాక్ హెన్నా” పేరుతో అమ్మేవాటిలో పీపీడీ కలుస్తుంది, కొన్ని పొడుల్లో లోహ లవణాలుంటాయి. వాటి మీద బ్లీచ్ వేస్తే జుట్టు వేడెక్కి తెగిపోవచ్చు. నాలుగు వెంట్రుకలు కత్తిరించి, గిన్నెలో అమోనియా చుక్కలు కలిపిన డెవలపర్‌లో వేసి అరగంట చూసుకోండి.

షాంపూ చేసేటప్పుడు మెడ బేసిన్ అంచుమీద బాగా వెనక్కి వంగితే మెదడుకి రక్తం తీసుకెళ్లే నాళం దెబ్బతినొచ్చు. దీన్ని “బ్యూటీ పార్లర్ స్ట్రోక్” అంటూ 1993లోనే అమెరికా వైద్య పత్రికలో రాశారు. 2022లో హైదరాబాద్‌లో ఒక మహిళకి ఇలాగే జరిగిందని న్యూరాలజిస్ట్ చెప్పినప్పుడు మనవాళ్లంతా మాట్లాడుకున్నారు. మెడకింద మడిచిన టవల్ పెట్టండి, తల మరీ వెనక్కి వాలనివ్వకండి, కళ్లు తిరుగుతున్నాయంటే వెంటనే ఆపండి.

పనిముట్ల విషయంలో, చాలాచోట్ల కనిపించే నీలం లైటు పెట్టెలో పెట్టినంత మాత్రాన దువ్వెన స్టెరిలైజ్ అయిపోదు. ముందు సబ్బునీళ్లతో కడగాలి, తర్వాత క్రిమిసంహారక ద్రావణంలోనో, 70 శాతం ఆల్కహాల్‌తోనో శుభ్రం చేయాలి. రక్తం తగిలే లోహపు పనిముట్లకి ఆటోక్లేవ్ (ఒత్తిడితో కూడిన ఆవిరితో క్రిముల్ని చంపే యంత్రం) ఉంటే మంచిది. ఆ నీలం పెట్టె కడిగినవాటిని దాచుకోవడానికి బాగుంటుంది.

పెళ్లి పని: ముహూర్తం నుంచి వెనక్కి లెక్కపెట్టండి

డబ్బు, పేరు రెండూ ఇక్కడే. యూట్యూబ్‌లో ఉత్తరాది బ్రైడల్ మేకప్‌లు చూసి నేర్చుకుని తెలుగు పెళ్లికి వెళ్తే తికమకపడతారు. తెల్లవారుజామున 3.40కి ముహూర్తం అనుకుందాం. అంతకుముందు గౌరీపూజ ఉంటుంది, ఆ తర్వాత కొన్ని ఇళ్లలో మేనమామ పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి తీసుకొస్తాడు. అంటే ఒంటిగంటన్నరకల్లా అమ్మాయి సిద్ధం. మీరు పదిన్నరకి మొదలుపెట్టాలి. పట్టుచీర ప్లీట్స్ ఇంటి దగ్గరే ఇస్త్రీ చేసి, బాక్స్ ఫోల్డ్ చేసి తెచ్చుకుంటే గంట మిగులుతుంది.

జడ వేసేటప్పుడు నడినెత్తిన జీలకర్ర-బెల్లం పెడతారని గుర్తుంచుకోవాలి. అక్కడ పఫ్ లేపి పిన్నులు గుచ్చితే పంతులుగారు, పెళ్లికొడుకు ఇద్దరూ ఇబ్బందిపడతారు. నుదుటిమీద బాసికం వస్తుంది, దారం కట్టే చోట పాపిటబిళ్ల ఎలా కూర్చుంటుందో ముందే వేసి చూడండి. హోమం పొగకి కళ్లు నీళ్లు పెడతాయి కాబట్టి కాటుక, మస్కారా వాటర్‌ప్రూఫే వాడాలి. చాలా ఇళ్లలో మధ్యలో మధుపర్కాల చీర మార్చాలి. పది నిమిషాలు ఇస్తామంటారు, ఏడే ఇస్తారు. ఆ చీర ప్లీట్స్ కూడా ముందే పెట్టి ఉండాలి, నగలు ఏవి ముందు తీయాలో వరస కాగితం మీద రాసి ఉండాలి.

“కాస్త తెల్లగా చెయ్యమ్మా” అంటారు అత్తయ్యలు. రెండు షేడ్లు తెల్లగా వేస్తే మొహం ఒక రంగు, గోరింటాకు పెట్టిన చేతులు ఇంకో రంగు, ఫ్లాష్‌లో బూడిద పూసినట్టు. దవడ దగ్గర పగటి వెలుగులో షేడ్ చూసి దానికే కట్టుబడండి. ట్రయల్ రోజున వాళ్లమ్మగారి ఎదురుగా ఫోన్‌లో ఫ్లాష్ ఫొటో తీసి చూపిస్తే సగం వాదన అక్కడే ఆగిపోతుంది.

చేతికి పని వచ్చాక దారులు

మొదటి రెండేళ్లు పెద్ద సెలూన్‌లో అసిస్టెంట్‌గా చేయమంటాను. జీతం తక్కువే, కానీ రోజుకి పది తలలు చేతికిందుగా పోతాయి. తర్వాత ఇళ్లకి వెళ్లి చేసే పని, అర్బన్ కంపెనీ లాంటి యాప్‌లతోనో, సొంత కస్టమర్లతోనో. బండి నడపడం వస్తే ఇది బాగా నడుస్తుంది. స్పా, కాస్మెటిక్ కంపెనీల ట్రైనర్, బ్యూటీ స్కూల్లో టీచర్ ఉద్యోగాలూ ఉన్నాయి.

సినిమా వైపు వెళ్లాలంటే సీనియర్ దగ్గర అసిస్టెంట్‌గా చేరాలి, యూనియన్ కార్డు సంగతి తెలుసుకోవాలి. ఒకప్పుడు ఆడవాళ్లని హెయిర్ డ్రెస్సర్లుగానే తీసుకుని, మేకప్ ఆర్టిస్టు కార్డు మగవాళ్లకే ఇచ్చేవారు. ఇది చెల్లదని 2014 నవంబర్ 10న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అంతకుముందు దశాబ్దాలపాటు హీరోయిన్ జడ వేసిన చేతులకి ఆమె మొహానికి పౌడర్ అద్దే హక్కు లేదన్నమాట.

గల్ఫ్ వెళ్లేవాళ్లు పదో తరగతి సర్టిఫికెట్‌తోనే పాస్‌పోర్టు తీసుకోండి, ఎమిగ్రేషన్ క్లియరెన్స్ (దేశం వదిలి పనికి వెళ్లే అనుమతి) బాధ తప్పుతుంది. ఏజెంటు ప్రభుత్వ వెబ్‌సైట్ ఈ-మైగ్రేట్‌లో రిజిస్టరై ఉండాలి. సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ దాటి అడగకూడదు. “ముందు విజిట్ వీసా మీద రండి, అక్కడ మారుస్తాం” అన్న మాటకి మాత్రం తల ఊపొద్దు.

అమెరికా వెళ్లిన మన ఆడపిల్లలు ఇక్కడి డిప్లొమా చూపించి అక్కడ పని చేయలేరు. రాష్ట్రానికో లైసెన్సు. టెక్సస్‌లో, కాలిఫోర్నియాలో కాస్మెటాలజీకి 1,000 గంటల శిక్షణ, పరీక్ష ఉన్నాయి. దారంతో కనుబొమలు చేసేవాళ్లకి కూడా 750 గంటల కోర్సు కావాలన్న నిబంధనని 2015లో టెక్సస్ సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ కేసు వేసినవాళ్లు త్రెడ్డింగ్ పనివాళ్లు, వాళ్లని పెట్టుకున్న సెలూన్ల యజమానులు. భర్త హెచ్1బి ఉద్యోగం మీద వెళ్లేవాళ్లకిచ్చే హెచ్4 వీసా మీద ఉంటే ముందు పని అనుమతి రావాలి. పెళ్లై అటు వెళ్లే అవకాశం ఉన్నవాళ్లు ఇక్కడ చదివేటప్పుడే ఏ సబ్జెక్టు ఎన్ని గంటలు చదివారో ట్రాన్‌స్క్రిప్ట్‌లో రాయించుకోండి, కొన్ని రాష్ట్రాల్లో అది పరిశీలిస్తారు.

సొంత కుర్చీ

లెక్క ఇలా వేసుకోండి. అద్దె 12,000, హెల్పర్‌కి 10,000, కరెంటు, నీళ్లు 3,000 అయితే నెలకి 25,000. మంగళవారాలు తీసేస్తే 26 రోజులు. అంటే రోజుకి 960 రూపాయలదాకా వచ్చాకే సరుకు ఖర్చు, ఆ తర్వాతే మీ జీతం. మొదటి ఆరునెలలు ఆ అంకె రాదు. ఆ ఆరునెలల అద్దె చేతిలో పెట్టుకునే షట్టర్ ఎత్తండి. ఒక్క కుర్చీ, ఒక్క ఫేషియల్ బెడ్ చాలు.

మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు, కార్మిక శాఖలో షాపు రిజిస్ట్రేషన్, చిన్న వ్యాపారాలకి ఆన్‌లైన్‌లో ఉచితంగా అయ్యే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకోండి. ముద్ర లోన్‌లో శిశు కింద 50,000 వరకు, కిశోర్ కింద 5 లక్షల వరకు ఇస్తారు. ఏడాదికి 20 లక్షలు దాటితేనే సేవలకి జీఎస్టీ రిజిస్ట్రేషన్. 2025 సెప్టెంబర్ 22 నుంచి పార్లర్ సేవల మీద పన్ను 18 నుంచి 5 శాతానికి తగ్గింది, కాకపోతే సరుకు కొన్నప్పుడు మనం కట్టిన పన్ను ఇక వెనక్కి రాదు.

ఇక పంచాంగం కొనండి, నిజంగానే చెప్తున్నాను. మా కౌంటర్ దగ్గర లెడ్జర్ పక్కనే ఉంటుంది అది. మాఘం, వైశాఖం, శ్రావణం ముహూర్తాలు ఎర్రపెన్నుతో గుర్తుపెట్టి, ఆ నెలలకి సరుకు ముందే తెప్పించి, తోడుకి ఇంకో అమ్మాయిని మాట్లాడుకోవాలి. ఆషాఢం, మూఢం వచ్చాయంటే పెళ్లిళ్లుండవు, కాబట్టి అంతకుముందు నెల ఆదాయంలోంచే ఆ అద్దె పక్కన పెట్టాలి. కత్తెరలు సాన పట్టించడం, గోడలకి రంగు వేయించడం, కొత్త స్టూడెంట్లకి క్లాసులు మొదలుపెట్టడం నేను ఆ రోజుల్లోనే చేస్తాను. ఈ ఆషాఢం బ్యాచ్‌లో నలుగురు ఉన్నారు, వాళ్ల మోకాళ్ల కింద ఇప్పుడు ఒక్క వెంట్రుక లేదు.